మొక్కజొన్న వాసన

రాత్రి మూడు. హుఫూఫ్‌ల బయట ఇంకా ముప్పై ఆరు డిగ్రీలు.
లోపల నా వేళ్లకు చలి.
ట్రేల పదకొండు గొట్టాలు, పదకొండు బార్‌కోడ్‌లు.
ఏడోది జవాద్‌ది.
పేరు చూడొద్దంటరు. చూస్తా.

పందొమ్మిదేండ్లు వానికి.
ఖర్జూరం కోతలప్పుడు చెట్టెక్కుతానని మొండికేసేటోడట,
ఎక్కిన్నాటి రాత్రే
ఎముకల ఎవరో కొడవలి నూరుతున్నట్టు అరిచేటోడట.
రిపోర్టు కిటికీ కాడ నిలబడి వాళ్లమ్మ చెప్పింది,
నా సగం అరబ్బీకి
తన రెండు చేతులు కలిపి.

కొడవలి నాకు తెలుసమ్మా అని
ఆమెతో అన్లే.
మా అన్న సిడాం సోనేరావు
వాన పడ్డప్పుడల్లా మోకాళ్లు పట్టుకొని ఒరిగేటోడు.
ఉట్నూరుల కొందరు గాలి సోకిందన్నరు,
కొందరు పత్తి చేన్ల కొట్టే మందన్నరు.
రక్తం అని ఎవ్వరూ అన్లే.
వానికి ఇరవై నాలుగు నిండినంక
వాదించుకునుడు ఆగింది.

తర్వాత డిప్లొమాల చదివిన:
ఒక్క అక్షరం.
తలకట్టు పోయి గుడి వస్తే
పలక పిలకైతది గదా,
గట్లనే, మూడు వందల కోట్ల అక్షరాల రాతల
ఒక్కటి మారి
గుండ్రటి కణం వంగింది.

మరి ఆ తప్పు దిద్దిండ్రా అంటే, లేదు.
నాకు వింత అక్కడే.
తప్పు తప్పులాగనే ఉంది.

తల్లి కడుపుల పిల్లకు వేరే రక్తం,
వంగనిది.
పుట్టిన కొన్ని నెలలకు
లోపల ఒకడు వచ్చి, ఇగ చాలు, అంటడు.
వాన్ని పూర్తిగ చంపితే నడవదు,
ఒంట్ల వేరే కాడ వానికి పనులున్నయి.
రక్తంల మాత్రం వానికి గొంతునిచ్చే ముక్క ఒకటుంటది.
మాట కాదు. అర్థం లేదని
నిన్నమొన్నటిదాక చెత్త అని పిలిచిన ముక్క.
దాన్ని కోసిండ్రు.
చాలు అనేటోడు, రక్తంల మట్టుకు, మూగబోయిండు.

ఎక్కించిన రోజు నేను వార్డుకు పోయిన, నాకు పని లేకున్నా.
అప్పటికి వారం నుంచి మందులతోని మజ్జ ఖాళీ చేసిండ్రు.
వానికి జుట్టు లేదు. నోరంతా పుండ్లు.
సంచి పాల ప్యాకెట్ కన్నా చిన్నది.
గది నిండా ఉడకబెట్టిన మొక్కజొన్న వాసన.
గడ్డకట్టేటప్పుడు కణం పగలకుండ
కలిపే మందు వాసన అది అని నర్సు జోమోల్ చెప్పింది.
విన్న. తలూపిన.
కట్టెల పొగ, తడి చేను, సోనేరావు
కాలిన కంకి నా దిక్కు విసిరి
పట్టుకోరాదే అని నవ్వుడు.

ధర ఎంతని అడిగిన.
జోమోల్ చెప్పిన అంకెను నా జీతంతో భాగించబోయి
ఫోన్ జేబుల పెట్టుకున్న.

ఇంకో సంగతి కూడా చదివిన.
ఈ ఒయాసిస్సు తప్పుకూ మా అడవి తప్పుకూ
అటూ ఇటూ ఉండే అక్షరాలు ఒక్క తీరుగనే ఉంటయట,
ఇరుగుపొరుగు ఒక్కటే.
ఎప్పుడో ఎవరో పడవెక్కి ఉంటరు,
ఇకామా లేకుండ, మెడికల్ లేకుండ.
ఎటు నుంచి ఎటు అన్నది తేలలే.
ఒకనాడు బార్‌కోడ్ అంటించకుండ
నా గొట్టం కూడా పెట్టి చూసుకున్న.
సగం ఉంది నాల.
కాగితం చింపి పారేసిన.

యంత్రం గీత గీస్తుంది.
ఎఫ్ కాడ కొండ లేచింది.
పోయినేడు పన్నెండు,
ఇయాల నలభై మూడు.
ఎస్ పోలే. పక్కన కూసుంది, ఉంటది.
రెండోసారి నడిపిన. నలభై మూడే.

పొద్దుగాల ఉమ్ జవాద్ వస్తది.
ఏ ఊరు నీది అని మళ్ల అడుగుతది.
ఎప్పుడూ చాలా దూరం అంటా.
ఇయాల నోట్ల ఒక మాట తిరుగుతుంది,
జార్,
పక్కింటోళ్లను పిలిచే మాట.
అంటనో లేదో.

ఎనిమిదో గొట్టం ఇప్పుడే కింది నుంచి వచ్చింది.
ఇంకా వెచ్చగుంది.